చూడి గేదె భోగం

మా అత్తగారంటే ఊరందరికీ పాలావిడ. గేదెల్ని ఆవిడ చూసుకున్నట్టు కన్నతల్లి కూడా పిల్లల్ని చూసుకోదు. నేనేదో ఉబుసుపోక అంటున్న మాట కాదు, పెద్ద కోడలిగా ఆ ఇంట్లో కాపురం చేసి చూసిన మాట.

గేదె చూడి కట్టిందంటే చాలు, మా ఇంటికి మహారాణిగారు వేంచేసినట్టే. వేరుశెనగ చెక్క నానబెట్టాలి, తవుడు కలపాలి, పచ్చగడ్డి విడిగా కోయించాలి. పాకలో గట్టిగా మాట్లాడకూడదు, పాపం బెదురుతుందట. నెలలు నిండుతుంటే పాలు పితకడం కూడా మానిపించేది, దూడకి బలం పోతుందని.

అదే కోడలు కడుపుతో ఉంటే? గరిటె సగానికి దిగేది. "ఎక్కువ తింటే బిడ్డ లావెక్కుతుంది, కానుపు కష్టమవుతుంది" అనేది. అన్నం సగం, కూర అంటీ ముట్టనట్టు. పాలు ఊరికి, కడిగే గిన్నెలు మాకు. పైగా ఆ మహారాణిగారి తొట్లోకి కుడితి బిందెలు మోసేదెవరనుకున్నారు? నేనే. నానిన చెక్క వాసనకి నాకు నోరూరేది. నవ్వకండి, నిజం.

అలా పుట్టాడు నా కొడుకు, పిడికెడంత. "చూశావా, ఎంత సులువుగా వచ్చేశాడో!" అని అత్తగారు మురిసిపోయింది. వచ్చాడు, కాదన్నదెవరు? ఆ తర్వాతే వాడికి ఏదీ సులువుగా రాలేదు. నడక ఆలస్యం, మాట ఆలస్యం. బడిలో ఇప్పటికీ తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుంటాడు. పొద్దున నేర్పిన అక్షరం మధ్యాహ్నానికి ఉండదు, జలుబు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. "మీ పుట్టింటి బుర్ర" అని అత్తగారు తేల్చేసింది. ఆహా, మా పుట్టింటివాళ్లు ఎంత అదృష్టవంతులో!

ఇంతలో నా తోడికోడలు నీళ్లోసుకుంది. గరిటె మళ్లీ సగానికి దిగింది. ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు. "ఆకలేస్తోందక్కా" అని నా దగ్గర గొణగడమే తప్ప అత్తగారి ముందు కిక్కురుమనదు. నా పళ్లెంలోది తీసి పెడదామంటే అత్తగారివి డేగకళ్లు. నా కొడుకుని చూసినప్పుడల్లా ఆ పిల్ల కడుపులో బిడ్డే గుర్తొచ్చేది.

ఒకరోజు గొడ్ల డాక్టరు చూడి గేదెని చూడ్డానికి వచ్చాడు. "బావుంది పెద్దమ్మా. మేత మాత్రం తగ్గించకండి" అన్నాడు.

అత్తగారికి రోషం వచ్చింది. "నాకు చెబుతావా బాబూ? కడుపుతో ఉన్నప్పుడు తల్లికి పెట్టకపోతే దూడ ఈసురోమంటూ పుడుతుంది. ఆనక బండెడు మేపినా తేరుకోదు. నేనెన్ని చూళ్లేదు!"

నా చేతిలో కుడితి బిందె ఉంది. దభీమని దించాను.

"మరి నేనేం పాపం చేశానత్తయ్యా? నాలుగు కాళ్లు లేకపోవడమా? తోక లేకపోవడమా? నా కొడుకు ఈసురోమంటూ పుడితే మా పుట్టింటి బుర్రా? ఇప్పుడీ పిల్లకీ అదే చేస్తారా?"

నోర్ముయ్ అంటుందనుకున్నాను. అనలేదు.

"మా అక్క కానుపులో పోయిందే. బిడ్డ లావై అడ్డం తిరిగిందన్నారు. నా కళ్లముందే పోయింది. మీరు అలా పోకూడదనే కదే..." అంది. ఇన్నేళ్లలో అక్క ఊసే ఎత్తలేదు మహాతల్లి.

"దానికి మందు సగం తిండి కాదు పెద్దమ్మా. కడుపు నిండా పెట్టి, ఆసుపత్రిలో చూపిస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు.

అత్తగారు వాకిట్లోకి చూసింది. నా కొడుకు చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. ఒకటి పెడితే ఇంకోటి తప్పుతోంది.

"బాబూ, వీడికి ఇప్పట్నుంచి బాగా పెడితే... తేరుకుంటాడా?"

డాక్టరు సంచీ సర్దుకున్నాడు. "పెట్టండి పెద్దమ్మా. మానకుండా పెట్టండి" అన్నాడు. అవునని మాత్రం అనలేదు.

ఆ పూట తోడికోడలి పళ్లెం నిండా వడ్డించింది. ఆ పిల్ల తలెత్తకుండా తింది. నా కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని అత్తగారు తనే ముద్దలు కలిపింది. ఆవిణ్ణి దులిపెయ్యడానికి ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలు నా దగ్గర బోలెడున్నాయి. అవన్నీ అలాగే ఉంచి, నెయ్యి గిన్నె ఆవిడ చేతికి అందేలా జరిపాను.

"చాలు నానమ్మా, కడుపు నిండిపోయింది" అంటున్నాడు వాడు. ఆవిడ వినిపించుకోకుండా ఇంకో ముద్ద కలుపుతోంది.