వంజరం తిన్న కోడి

మా భీమశంకరం బావకి కోడికూర వడ్డిస్తే కూర ఎలా ఉందో చెప్పడు. ఆ కోడి బతికున్నప్పుడు ఏం తిన్నదో చెప్తాడు.

అడగక్కర్లేదు కూడా. ముక్క నోట్లో పెట్టుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. రెండు దవడలకీ సమానంగా పని చెప్తాడు. ఆ తర్వాత పంక్తంతా వినబడేలా తీర్పు ఇస్తాడు: "వండినోల తప్పు నేదు. కోడి తవుడు ఎక్కువ తిన్నాది." ఇంకేముంది, అప్పటిదాకా లొట్టలేసుకుంటూ తింటున్న పక్కవాడికి నోట్లో తవుడు పోసుకున్నట్టుంటుంది. ముద్ద దిగదు. బావకి మాత్రం ఇంకో రెండు ముక్కలు దిగుతాయి.

నా పెళ్లిలో కూడా నన్ను వదల్లేదు మహానుభావుడు. పెందుర్తిలో మా అత్తారింట్లో పెళ్లి మర్నాడు మాంసం భోజనాలు. మా మావగారు వినయంగా వంగి, "కూర ఎలగున్నాదండీ?" అని అడిగారు. అడిగినవాడిదే పాపం.

"వండినోల తప్పు నేదండి" అన్నాడు బావ. "కోడి మాత్రం ముక్కిపోయిన నూకలు తిన్నాది. ఏ ఇంట పెరిగినాదో గానీ, పాపం!"

అది పెరిగింది మా అత్తగారి పెరట్లో. ఆవిడ ఈ రోజుకీ బావ పేరు పలకదు. "మీ అక్క మొగుడు, ఆ నూకలాయన" అంటుంది. నేనేం చేసేది? అక్క మొగుడిని మార్చుకునే పద్ధతి మా కులంలో లేదు.

బావకి ఆనందపురంలో కోళ్ల షెడ్డు ఉంది. తొంభైల్లో మా వైపు ప్రతివాడూ ఫారం కోళ్లు పెట్టి, ప్రతివాడూ మానేసిన రోజులు. బావ ఒక్కడూ మానలేదు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి, కోళ్లకి పోసే మేత గుప్పెడు తీసి ముందు తను నోట్లో వేసుకునేవాడు. మొక్కజొన్న నూక, వేరుశెనగ చెక్క, తవుడు, ఎండుచేపల పొడి. జనం కిళ్లీ నమిలినట్టు నమిలేవాడు. మా గౌరీశ్వరక్క గుమ్మంలో నిలబడి మొత్తుకునేది.

"ఏటండీ, ఇడ్లీ ఎట్టాను రండి!"

"ఉండే, కోళ్లు ఇంకా తిన్నేదు."

ఒకసారి విటమిన్లు అమ్ముకునే కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చాడు. పొట్లం విప్పి, ఇది వేస్తే కోడి ఎంత తొందరగా ఎదుగుతుందో చెప్పడం మొదలెట్టాడు. వాడి మాట పూర్తవకముందే బావ చెంచాడు నోట్లో వేసేసుకున్నాడు. "సార్! అది కోళ్లకి సార్!" అని కుర్రాడు లబలబలాడాడు. "మరి నాను కోళ్ల కోసమే తింతన్నాను" అన్నాడు బావ. పాపం, ఆ కుర్రాడు వారం దాకా ఫోన్ చేసి "సార్ బాగున్నారా?" అని అడుగుతూనే ఉన్నాడు. బావ బాగానే ఉన్నాడు. కాస్త ఒళ్లు చేశాడు కూడా.

వెర్రి అనుకుంటారు గానీ, ఆ నాలుకకి పని లేకపోలేదు. ఒక వేసవిలో కోళ్లు నీళ్లు తెగ తాగేసి, కింద పరిచిన ఊకంతా బురద చేసేస్తున్నాయి. అందరూ జబ్బన్నారు. బావ మేత నాకి చూసి, "సేపల పొడిలో ఉప్పు ఎక్కువైపోనాది. మీకు ఆవకాయ ఒక్కటే ఎడితే మీరు తాగరేటి?" అన్నాడు. పొడి మార్చాడు, ఊక ఆరిపోయింది.

మనుషుల్ని కూడా ఆ లెక్కలోనే చూసేవాడు. నన్ను చూసి మా ఆవిడతో, "ఈడికి మేత దండగమ్మా. తింతాడు గానీ కండ పట్టదు. కోడయితే ఎప్పుడో తీసేద్దుం" అన్నాడు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా అరగలేదు.

ఇక వరహాలమ్మ సంగతి. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టి, పొడి కొట్టి బావ షెడ్డుకి తెచ్చేది. వాళ్లాయన నడుము పట్టేసి వేటకి వెళ్లడం మానేశాడు. ఇల్లు గడవడం కష్టమైంది. బావ ఆమెకి కోడిపిల్లలిచ్చి, "ఇంటెనకాల పెంచుకో. మొక్కజొన్న, తవుడు పెట్టు. సేప కొంచెం కలుపు. అమ్మే ముందు రెండు వారాలు మాత్రం సేప ముట్టనివ్వకు, మాంసానికి వాసనొచ్చేత్తాది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

వరహాలమ్మ కోళ్లు ఎదిగాయి చూడండీ! బావ షెడ్డులో కోళ్ల కంటే ముందు బరువొచ్చేశాయి. బావకి కన్ను కుట్టింది.

"ఏటి పెడతన్నావే వరహాలమ్మా?"

"మీరు సెప్పినదే బాబూ."

ఆ మొదటి మంద మొత్తం మా పక్కింట్లో అద్దెకున్న శ్రీరామ్మూర్తి గారు తీసుకునేలా నేనే మాట్లాడిపెట్టాను. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మెన్. పెందుర్తి కాలనీలో కొత్త ఇల్లు కట్టారు. గృహప్రవేశం మర్నాడు కాలనీ అందరికీ కోడికూర భోజనాలు. ఈ కోళ్లు బాగున్నాయంటే చాలు, కాలనీలో ప్రతి ఆదివారం వరహాలమ్మ దగ్గరే కొంటారు, ఆ ఇల్లు ఒడ్డున పడుతుంది. బాగాలేవంటే మళ్లీ ఎవడూ ఆ గుమ్మం తొక్కడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే ఉతికిన చీర కట్టుకుని, భోజనాల వేళకి వచ్చి నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడింది. తన కోళ్లని జనం ఎలా తింటారో చూసుకోవాలని ఆశ.

మొదటి పంక్తి కూర్చుంది, మధ్యలో మా బావ. ముద్దలు కలిపారు. నోట్లో పెట్టుకున్నారు. ఒకడు ఆగాడు. పక్కవాడు వేళ్లు వాసన చూసుకున్నాడు.

"ఇది కోడికూరేనా? సేపల పులుసా?"

"నాకూ అలగే ఉన్నాదిరా!"

శ్రీరామ్మూర్తి గారి మొహం కొత్త ఇంటి సున్నంలా తెల్లబడింది. తిన్నగా పొయ్యి దగ్గరికెళ్లి వంట అర్జునరావు మీద పడ్డారు.

"నిన్న ఎక్కడో సేపలు వండిన గుండిగలో ఈయేళ కూర వండేసినావా? నా పరువు తీసేత్తావా?"

"మీ తోడు బాబూ! గుండిగ సింతపండెట్టి తోమినాను!"

"తోమితే ఈ కంపేటి? ఈ కాలనీలో ఇంకెవడి పొయ్యి ఎలిగిస్తావో చూత్తాను!"

అర్జునరావు గరిట పట్టుకుని ఏడుపు మొహం పెట్టాడు. నాకు సంగతి లీలగా అర్థమై గబగబా వరహాలమ్మ దగ్గరికెళ్లాను.

"నిజం సెప్పు. సేప మాన్పించినావా నేదా?"

"మాన్పించడమేటి బాబూ! తలకాయలు ఊరికే పడున్నాయి, పారేత్తామేటి? నిన్నటి దాకా కడుపునిండా పెట్టాను."

"వాసనొస్తందే తల్లీ!"

"ఏ వాసన బాబూ?" అంది, నిజంగానే అమాయకంగా. "నానొక కోడిని వండుకు తిన్నాను కూడాను. మా ఈధంతా తిన్నారు. బంగారంలాగున్నాదన్నారు."

హార్బర్‌లో పుట్టి, హార్బర్‌లో పెరిగి, చేపల మధ్యే నిద్రపోయే మనిషికి చేప వాసన ఎలా తెలుస్తుంది చెప్పండి! నేను నెత్తి కొట్టుకుని వెనక్కి తిరిగేసరికి పంక్తంతా ఒక్కవైపే చూస్తోంది. మా బావ వైపు.

"భీమశంకరం గారూ, మీరు సెప్పండి" అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "తప్పెవరిది?"

బావ అప్పటికే ముక్క నములుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. దవడ ఆగింది. ఈ లోకంలో బావకి పడనిది ఒకటే, చేప వాసనొచ్చే కోడి. మేత నాకుతాడు, మందులు నాకుతాడు, అది మాత్రం ఉమ్మేస్తాడు. వంటవాడిది తప్పంటే అర్జునరావు మునుగుతాడు. మేత తప్పంటే వరహాలమ్మ మునుగుతుంది.

"వండినోల తప్పు నేదు" అన్నాడు బావ.

అర్జునరావు ఊపిరి పీల్చుకున్నాడు. డ్రమ్ము దగ్గర వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయిపోయింది, ముంచేశాడు అనుకున్నాను.

"కోడి సేప తిన్నాది."

పంక్తిలో గుసగుసలు లేచాయి. బావ చెయ్యెత్తాడు.

"ఏ సేపనుకుంతన్నారు? వంజరం!"

"వంజరమా!" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

"మామూలు వంజరం కాదు. పడవ దిగిన పచ్చి వంజరం. ఇలాటి కోడి నా జన్మలో తిన్నేదు. ఎక్కడ పట్టినారండీ?"

"మా పిల్లల పుట్టినరోజుకి కూడా వంజరం కొనడానికి ఎనకాడతానండి నాను! కోడికి పెట్టినారా?"

"మరి! మీకోసం పెంచిన కోళ్లాయె!" అన్నాడు బావ.

అంతలో వేళ్లు వాసన చూసుకున్నవాడే మళ్లీ చూసుకుని, "అవునొరే, వంజరమే! నాను ముందే పోల్చినాను" అన్నాడు. అవతలివాడు, "ఎనకాల కొంచెం తియ్యగా తగులుతాది చూడు, అదే గుర్తు" అన్నాడు. "ఇటు రెండు ముక్కలెయ్యి!" "ఇటు పులుసు!" అని కేకలు. తమదాకా కూర మిగలదేమోనని మూడో పంక్తివాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. అర్జునరావు గరిట తిప్పుకుంటూ, "వంజరం కోడికి మసాలా తగ్గించాల బాబూ, అది అందరికీ తెలవదు" అని ఉపన్యాసం మొదలెట్టాడు. ఇందాక ఏడ్చిన మొహం అదేనా!

తిరిగొచ్చేటప్పుడు బావ స్కూటరు మధ్యలో ఆపించి, కిళ్లీ బడ్డీలో సోంపు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

"కవళ్లు" అన్నాడు మొహం వికారంగా పెట్టి. "పిల్లులు కూడా ముట్టని సవక కవళ్ల సేపల తలకాయలు. ఆకరి రోజు దాకా పెట్టేసినాది!"

"మరి వంజరమన్నావేటి బావా?"

"ఏటి సెయ్యమంటావురా? వండినోణ్ణి కాయాల, పెంచినామెనీ కాయాల. మద్దిన సేప ఒక్కటే దొరికినాది. సచ్చిపోయిన సేప. దానికేటి పరువు నట్టం?"

మర్నాడు అర్జునరావు కనబడితే ఈ మాట చెప్పాను. వాడు నవ్వి, "మీకు ఇప్పుడు తెలిసినాదా బాబూ? మా వంటోళ్లం భోజనాలకి ఒప్పుకునే ముందే అడుగుతాం, భీమశంకరం బాబుని పిలిసినారా అని. కూరేమాత్రం తేడా వచ్చినా జనం ముందు మా మీద పడతారు. ఆ బాబు పంక్తిలో ఉంటే, మా మీదకి రాకముందే కోడి మీదకి తోసేత్తారు" అన్నాడు. ఇన్నేళ్లూ ఆయన పంక్తుల్లో పక్కనే కూర్చుని తిన్నవాణ్ణి, నాకు ఆ ముక్క బుర్రకెక్కలేదు. బావ నాలుక గొప్ప చూపించుకుంటున్నాడనే అనుకున్నాను. చెప్పొద్దూ, ఆ రోజు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. కానీ ఒంటినిండా మేత వాసన.

బావ ఊరుకోలేదు. మొక్కజొన్న బస్తాలు ఆటోలో వేయించుకుని హార్బర్ వెళ్లి, వరహాలమ్మ పక్కన కూర్చుని మేత కలిపించాడు. ఆమె నోట్లో కూడా చిటికెడు పెట్టించాడు. తర్వాతి మందకి ఆమె బావ చెప్పినట్టే చేసింది. చేప మాన్పించింది. కోళ్లు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. వాసన లేదు, మాంసం మెత్తగా ఉంది. బావ ఒకటి తిని, "మొక్కజొన్న! అబ్బ, ఇదీ కోడంటే!" అని మురిసిపోయాడు.

ఆ ఆదివారం సాయంత్రానికి కాలనీవాళ్లు దండెత్తి వచ్చారు.

"ఏటమ్మా, వంజరం ఏదీ? మామూలు కోడి అంటగడతావా?"

"మేం మోసపోయేవోళ్లలా అవుపడతన్నామేటి?" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

వరహాలమ్మ పరుగున వచ్చి బావ ముందు చతికిలబడింది. బావ తల పట్టుకున్నాడు. చివరికి, "సర్లే, రెండు మందలు పెంచు. నాలికున్నోళ్లకి మొక్కజొన్నది. కాలనీకి..." అని ఆగి, గుటకేసి, "కాలనీకి నీ ఇష్టం" అన్నాడు.

వరహాలమ్మ ఇంటి వెనక పెద్ద షెడ్డు లేచింది. వాళ్లాయన కూర్చున్నచోటి నుంచే కోళ్లు తూస్తున్నాడు. కాలనీలో ఏ శుభకార్యమైనా ఇప్పుడు వంజరం కోడే. ప్రతిదానికీ బావకి మొదటి పిలుపు, మొదటి విస్తరి, మొదటి ముక్క. ఆయన చెప్పందే ఎవరూ ముద్ద ముట్టరు.

మొన్నొక సీమంతంలో పక్కనే కూర్చుని చూశాను. కవళ్లు గుప్పుమంటున్నాయి. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. వడ్డనకొచ్చిన వరహాలమ్మ, అందరిముందూ ముసిముసిగా నవ్వుతూ, "వంజరమేనా బాబూ?" అని అడిగింది.

బావ ముక్క నమలకుండానే మింగేశాడు.

"వంజరమే" అన్నాడు. "ఇంకొకటెయ్యమ్మా."