ఐదు స్టార్లిచ్చి నేను ముంచిన మిద్దె

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. గుడి చూడాలనో కోట చూడాలనో కాదు, ముక్కూ మొహం తెలియని ఒకడు నన్ను అబద్ధాలకోరు అన్నాడని శనివారం పొద్దున ఐదున్నరకల్లా కడప బస్టాండులో నిలబడ్డాను.

నేను కడపలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. సెలవు దొరికితే కంప్యూటర్లో ఆటలాడతాను. పెళ్ళీడు దాటిన ఆడమనిషికి ఇదేం పిచ్చి అనేవాళ్ళకు జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఈ మధ్య ఒక ఆట వచ్చింది. పాత కాలపు ఆటల్లాగే అంతా చుక్కల బొమ్మలు. ఊరిని పైనుంచే చూపిస్తారు. ఇళ్ళ కప్పులు, మనుషుల తలలు తప్ప ఏమీ కనబడవు. కథ జరిగేది మన సీమలోనే. జీపు దొంగిలించి ఎటైనా తిరగొచ్చు, బాంబులు వేయొచ్చు, ముఠా నాయకుల ఇళ్ళలో దూరి చంపి రావొచ్చు. ఆట పేరు రాయను. ఊరికే ప్రచారం చేసిపెట్టడం నాకిష్టం లేదు.

ఆడినవాళ్ళు కింద రాసిన అభిప్రాయాలు చదివితే ఒళ్ళు మండింది. ‘సీమ అంటే ఇదే, మట్టి వాసన కొడుతోంది’ అని ఒకాయన. ఆయన తుంగభద్ర దాటి ఇవతలికి ఎప్పుడైనా వచ్చాడా అని నా అనుమానం. పోలీసులు తొందరగా వదిలేస్తున్నారని ఒకరు, జీపు మలుపు తిరగడం లేదని ఇంకొకరు, వీధిలో జనం ఇంకా ఎక్కువగా ఉంటే చంపడానికి బాగుండేదని మరొకరు. ఆ వీధిలో కూరగాయలు కొనే మనుషులు కూడా ఉంటారని ఒక్కరికీ తట్టలేదు. ఇంత తిట్టే నేను ఎన్ని స్టార్లిచ్చానో చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఐదు ఇచ్చాను.

కారణం ఆ మ్యాపు. ఆటలో ముఠా నాయకుడి ఇల్లు మూల తిరిగిన మట్టి మిద్దె. బయటినుంచి రాతి మెట్లు. కప్పులో వెలుతురు కోసం వదిలే రంధ్రాన్ని మా వైపు గవాచి అంటాం, అలాంటివి రెండు. ఆటగాడు మిద్దె ఎక్కి, గవాచి మీది రాయి పక్కకు తోసి, లోపలికి దూకాలి. ఆ కొలతలు చూడగానే ఇది ఊహించి గీసింది కాదని, ఉపగ్రహ చిత్రం మీద పెట్టి గీసిందని నా కంటికి తెలిసిపోయింది. రెండు ఆదివారాలు కూర్చుని వెతికాను. ఆలూరు వైపు ఒక పల్లెలో ఆ ఇల్లు దొరికింది. ఊరి పేరుతో సహా నా సమీక్షలో రాసి, గవాచిలోంచి దూకే ఘట్టం అద్భుతం అని కూడా చేర్చాను. ఉపయోగపడిందని వందలమంది నొక్కారు. ఒకడు మాత్రం, ‘అంతా అబద్ధం. అలాంటి ఇల్లు లేదు. ఉంటే ఆ మిద్దె మీద నిలబడి ఫోటో పెట్టు’ అన్నాడు. పెడతానుండరా నాయనా అనుకున్నాను.

కడప నుంచి కర్నూలుకు ఎక్స్‌ప్రెస్ మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా పోతుంది. ఐదు గంటలు పట్టింది. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చింపిస్తారు. మగవాళ్ళు మూడు వందల పైచిలుకు సిద్ధంగా ఉంచుకోండి. కర్నూలు బస్టాండు ఎదురుగా తోపుడుబండి దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. బండాయన నేను ఆలూరు బస్సు గురించి అడిగితే, “ఆపక్కకా? మొన్న మధ్యాన్నం శానా వాన దంచింది గదమ్మా ఆడ. సల్లగా ఉంటాది, పో” అన్నాడు. మంచిదే, ఫోటోలో ఆకాశం బాగా వస్తుందనుకున్నాను. ఆ వాన గురించి నాకు వచ్చిన ఆలోచన అదొక్కటే.

పదకొండింటి బస్సు కోడుమూరు, దేవనకొండ మీదుగా మూడు గంటలకు పైగా నడిచి ఆలూరులో దించింది. దారి పొడుగునా జనం దుక్కులు దున్నుకుంటున్నారు. ఆలూరులో ఆటో అడిగితే, పోనూ రానూ మూడు వందలు అన్నాడు బాషా అనే డ్రైవరు. నేను వచ్చిన పని చెప్పేలోపే, “ఏమ్మా, ఆ మిద్దె చూసేకేనా?” అన్నాడు.

“నీకెలా తెలుసన్నా?”

“బ్యాగు తగిలించుకోని, ఫోను చేత పట్టుకోని ఆ ఊరికి ఇంగెవరొస్తారు? నెల దినాల్నుంచి వస్తాండారు. బళ్ళారి నుంచి గూడా వచ్చినారు. నాకు గిరాకీనే. ఆ యమ్మకే శానా కష్టమైపాయ.”

ఏం కష్టమని అడగొచ్చు. అడగలేదు. నా సమీక్ష చదివి అంతమంది వచ్చారా అన్న గర్వం నోరు మూసింది.

ఇంటి ముందు టార్పాలిన్ మీద వేరుశనగ కాయలు పరిచి ఉన్నాయి. నలభై ఐదేళ్ళ మనిషి ఒకామె కూర్చుని ఏరుతోంది. పేరు ఈరమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె తలెత్తకుండానే, “మెట్లు ఆపక్క ఉండాయి. సెప్పులిడిసి ఎక్కు” అంది.

“అడక్కుండానే ఎక్కమంటున్నావేమక్కా?”

“అడిగినోళ్ళు యాడుండారు ఇంతకు ముందు?” అని అప్పుడు తలెత్తి చూసింది. ఆడమనిషిని చూసి కాస్త మెత్తబడినట్టుంది. “మొన్న బేస్తవారం ఇద్దరొచ్చినారంట. నేనూ మా ఆయప్పా సేన్లో ఉండాము. గవాచి మింద రాయి పక్కకు జరిపి, లోపలికి ఫోను పెట్టి వీడియో తీసుకోని పోయినారంట. పక్కింటామె సూసింది. రాయి మళ్ళ పెట్టల్ల గదా? పెట్టలేదు. మధ్యాన్నం వాన పడె. సరిగ్గా గవాచి కిందనే విత్తనం బుడ్డల మూటలు.”

బుడ్డలంటే వేరుశనగ కాయలు. ఒక గుప్పెడు తీసి నా ముందు పెట్టింది. ఉబ్బిపోయి, ముక్కిన వాసన వేస్తున్నాయి. కొన్నింటికి తెల్లగా మొలక కూడా తొంగిచూస్తోంది. “మూడెకరాలకు పెట్టుకున్న విత్తనం. ఏరితే ఎకరాకు వస్తాదో రాదో. విత్తేకి పదునేమో ఇప్పుడే ఉండాది.”

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. “ఎవరక్కా ఆ దరిద్రులు? బండి నంబరేమైనా చూశారా?” అని గట్టిగా అరిచాను.

“వాళ్ళనని ఏం లాభం పాపా. ఎవరో కంప్యూటర్లో ఊరి పేరు గూడా రాసిపెట్టినారంట. ఆ రాసినోళ్ళకు ఏం దక్కిందో ఏమో.”

బాషా ఆటో దగ్గర నుంచి మమ్మల్నే చూస్తున్నాడు. ఇంత దూరం నిజం నిరూపించడానికి వచ్చినదాన్ని. “రాసింది నేనే అక్కా” అన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చేతిలోని కాయ పక్కకు పారేసి, చేతులు దులుపుకుంది. తర్వాత, “సూపీ, అదేందో” అంది.

ఫోనులో ఆట వీడియో చూపించాను. తన ఇంటిని పైనుంచి చూసి, “ఇదేనా? మనుషులే లేరే” అంది. ఈ ఇంట్లో ముఠా నాయకుడుంటాడని, అతణ్ణి చంపితే గెలిచినట్టని చెప్పాను. “మా ఆయప్పనా? కోడిని కోసేకే చెయ్యి వణుకుతాది ఆయప్పకు, పక్కింటోళ్ళను పిలుస్తాము” అంది. బాషా నవ్వాడు. ఈరమ్మ నవ్వలేదు. ఆటగాడు రాయి తోసి గవాచిలోకి దూకే దగ్గర ఆపమంది. “సరే, దూకినాడు. రాయి మళ్ళ ఎవరు పెడతారు?”

ఆ ఆటలో రాయి తోయడానికి మీట ఉంది. పెట్టడానికి లేదు. వందల గంటలు ఆడినవాళ్ళు, పోలీసుల మీదా జీపు మీదా పేజీలు పేజీలు రాసినవాళ్ళు, ఐదు స్టార్లు విసిరిన నేను, ఒక్కరమూ అడగని ప్రశ్న అది. ఇళ్ళ ప్లాన్లు గీసి బతికేదాన్ని, కప్పు కింద ఏం పెట్టుకుంటారో ఆలోచించలేకపోయాను. నా మీద నాకు పుట్టిన కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు.

అక్కడే సమీక్ష తీసేశాను. అప్పటికే పదిమంది దాన్ని ఎత్తి తమ వీడియోల కింద పెట్టుకున్నారు. విత్తనానికి డబ్బిస్తానంటే ఈరమ్మ ఒప్పుకోలేదు. “దుడ్లు నీకాడే పెట్టుకో. మిద్దె మింద చౌడంతా తొక్కి తొక్కి గుంతలు సేసినారు. మళ్ళీ వానొచ్చేలోపల చౌడు పోయల్ల. చేతనైతే రెండు గంపలు ఎక్కించు.”

చౌడంటే చవుడు మట్టి. వానకు ముందు మిద్దె మీద పరిస్తే నీరు దిగదు. రెండు గంపలు అనుకున్నది ఇరవై దాటింది. నేనూ బాషా మోశాం, ఈరమ్మ పైన సర్దింది. బూటు జాడలు ఇంకా అచ్చు గుద్దినట్టే ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా మట్టి పోసి అరచేత్తో అణిచాను. ఐదింటికి దిగేటప్పటికి మెడ పట్టేసింది. ఫోను కిందే, కాయల పక్కన ఉండిపోయింది. ఆలూరులో తిరిగి దించినప్పుడు బాషా మూడు వందలే తీసుకున్నాడు. “ఇంగ ఈ ఊరికి గిరాకీ నాకొద్దమ్మా. అడిగినోళ్ళకు దారి తెలీదంటా” అన్నాడు.

ఇన్నాళ్ళూ మా సీమను కత్తులూ బాంబులుగా చూపించేవాళ్ళ మీద నాకు కోపం. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ వాళ్ళు ఆ ఇంటిని బొమ్మగా మాత్రమే గీశారు. ఇంటిమీదికి జనాన్ని తోలింది సీమలో పుట్టి పెరిగిన నేను. మ్యాపు ఎంత కచ్చితంగా ఉందో మెచ్చుకుంటూ మనిషిని మరిచిపోవడం కూడా ఒక రకం దౌర్జన్యమే. మీరు మట్టి మిద్దెలు చూడ్డానికి ఆ వైపు పోతుంటే ఒక్క సలహా: ముందు కింద ఉన్నవాళ్ళను పిలిచి అడగండి, చెప్పులు విడిచి ఎక్కండి, గవాచి రాయిని ముట్టుకోకండి. ఇక్కడ రాసిన దారి పట్టుకుని ఆ ఇంటికి పోదామనుకోకండి. ఇందులో ఒకటి రెండు చోట్ల కావాలనే తప్పు రాశాను.

నన్ను అబద్ధాలకోరు అన్నవాడు, నా సమీక్ష ఎత్తిపెట్టుకున్న ఒక వీడియో కింద కూడా అదే మాట రాశాడు. ఇంటికి వచ్చాక అక్కడే వాడికి జవాబు పెట్టాను. ‘మీరన్నది నిజం. అలాంటి ఇల్లు లేదు. నేను కల్పించి రాశాను’ అని. ఐదు నిమిషాల్లో, ‘నేను ముందే చెప్పాగా’ అని రాశాడు, పక్కన నవ్వుతున్న బొమ్మలు మూడు. పళ్ళు నూరుకున్నాను. ఆ మాట అందరికంటే పైన కనబడాలని నేను కూడా ఒక లైకు కొట్టాను.