రోజూ ఐదు కిలోమీటర్లు

2023లో నేను బందరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆపరేషన్‌కు ముందు పేషెంటు ఒళ్ళు మత్తును తట్టుకోగలదో లేదో చూడటం నా పనిలో భాగం. ముందు ‘రోజూ ఎంత నడుస్తారు?’ అని అడిగి ఫారంలో రాసుకుంటాం. తర్వాత సిక్స్ మినిట్ వాక్ టెస్ట్, అంటే వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలవడం. పెద్దవాళ్ళను ఎదురు ప్రశ్నించడం నాకు చేతకాదు. రద్దీ రోజుల్లో వాళ్ళ మాట నమ్మి టెస్ట్ వదిలేసేదాన్ని కూడా.

గూడూరు నుంచి రంగారావుగారు, భార్య అనసూయమ్మగారితో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చారు.

“తెల్లారి ఐదింటికల్లా కాలవ గట్టు మీద ఉంటామమ్మా, నేనూ మా స్నేహితుడు సుబ్బయ్యా. లాకుల దాకా వెళ్ళొస్తాం. వాడికి ఆయాసం. వాడు ఆగినప్పుడల్లా నేనూ ఆగాలి.”

“రోజూనా అండీ?”

“రోజూనే. చిన్నపిల్లవి, నువ్వు నడవగలవా మాతో?”

నవ్వి, ‘రోజూ ఐదు కిలోమీటర్లు’ అని రాశాను. టెస్ట్ అక్కర్లేదనుకుని సంతకం పెట్టబోయాను. ఆయన కాలు మీద కాలు వేసుకున్నారు. బూటు పైన గుడ్డ వెలిసిపోయింది. అడుగున గీతలు మాత్రం షాపులోంచి తెచ్చిన నాటిలాగే ఉన్నాయి.

“ఒకసారి నడుద్దామండీ” అన్నాను.

నాడి కొలిచే పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించాను. రెండో నిమిషానికే ఆగిపోయారు. నాడి నూట నలభై దాటింది, పెదవులు నల్లబడ్డాయి. ముఖంలో కంగారు లేదు. వెనక్కి తిరిగి వరండా చివరకు చూస్తూ నిలబడ్డారు.

“కూర్చోండి, మీకు ఆయాసమొస్తోంది.”

“నాకు కాదమ్మా. సుబ్బయ్య వెనకబడ్డాడు. రానీ.”

నేనూ తిరిగి చూశాను. వరండాలో ఎవరూ లేరు.

ఆయన్ను కూర్చోబెట్టాక అనసూయమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. “సుబ్బయ్య అన్నయ్యగారు పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ ఈయన ఐదింటికి బూట్లు కట్టుకుని గుమ్మంలో కుర్చీలో కూర్చుంటారు. గంటయ్యాక లేచి కాళ్ళు కడుక్కుని, ఇవాళ గట్టంతా బురద అంటారు. నేను కాఫీ ఇస్తాను.”

“ఫారం రాసేటప్పుడు చెప్పలేదేమండీ?”

“చెమట నిజంగానే పడుతుందమ్మా ఆయనకి. నేనేం చెప్పను?”

రాసింది కొట్టేసి, నడిచిన దూరం రాశాను: ఎనభై మీటర్లు. గుండెకు స్కాన్ తీస్తే అది చాలా బలహీనంగా కొట్టుకుంటోందని తేలింది. ఆపరేషన్ ఆపి గుండెకు మందులు మొదలుపెట్టారు. మత్తు ఇచ్చి ఉంటే లేచేవారు కాదని డాక్టరుగారు నాతో మెల్లగా అన్నారు.

ఆ తర్వాత ఎవరికీ టెస్ట్ వదల్లేదు. వ్యాయామం గురించి మనుషులు ఎక్కువ చేసి చెబుతారని చదువుకున్నాను. రంగారావుగారు అలా చెప్పలేదు. ఆయన తను నమ్మిందే చెప్పారు. ఆయన్ను నడిపించిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళి, నా నడక రాసుకునే డైరీ తిరగేశాను. నెలంతా ‘పొద్దున్నే నడిచాను’ అని నా చేతిరాతే ఉంది. జ్వరంతో నేను మంచం దిగని మూడు రోజుల్లో కూడా.