ఆంటీ ఫ్లాస్కు, కొరమీను కషాయం

ఒక ఫ్లాస్కు మనిషిని ఎంత భయపెట్టగలదో మీకు తెలియదు. నా అపెండిక్స్ తీసిన డాక్టరు కత్తి పెట్టిన భయం ఒక ఎత్తు, ఆ ఆకుపచ్చ ఫ్లాస్కు పెట్టిన భయం ఇంకో ఎత్తు. దానివల్ల నా బతుకెలా తెల్లారిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కాకినాడ నుంచి ఉద్యోగానికి కౌలాలంపూర్ వచ్చి, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఓ పాత అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండేవాణ్ణి. ఎదురు ఫ్లాట్లో ఒక చైనీస్ ఆంటీ, ఆవిడా ఒంటరే. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న నన్ను కారులో ఆసుపత్రికి చేర్చింది ఆవిడే. అంటే, నా ప్రాణదాతకే నేను ద్రోహం తలపెట్టానన్నమాట.

ఆపరేషనయి నేను ఇంటికొచ్చిన మర్నాడు పదకొండింటికి ఆంటీ ఫ్లాస్కుతో తలుపు తట్టింది. అందులో కొరమీను కషాయం. కోత మానడానికి చైనీస్ ఇళ్ళలో ఇదే మందట. అల్లం, ఎర్ర ఖర్జూరాలు, ఏవో వేళ్ళు వేసి నాలుగు గంటలు కాచిందట. ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు ఊసే లేదు. కొరమీను పులుసు తిని పెరిగిన నోరు నాది. ఒక్క గుక్కకే కుట్లు ఊడతాయేమోనన్నంత వికారం పుట్టింది. మిగతాదంతా సింకులో పోశాను.

ఫోనులో అమ్మేమో, ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంది. సరేనని ఫ్లాస్కు కడిగి, మిరియాల చారు పోసి ఇచ్చాను. అదే నా కొంప ముంచింది. చారు వచ్చిందంటే కషాయం తెగ నచ్చిందని ఆంటీ లెక్క. వెంటనే అచ్చం అలాంటిదే ఇంకో ఫ్లాస్కు తెచ్చింది. ఇక రోజూ ఒకటి రావడం, ఒకటి పోవడం. పదిన్నర నుంచే నాకు గుండె దడ. సింకులో చేపవాసన తెలియకుండా అగరుబత్తులు వెలిగించేవాణ్ణి. ఇల్లు గుడిలా ఉండేది, నేను గుళ్ళో దూరిన దొంగలా ఉండేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఆంటీ లోపలికొచ్చి, ఫ్లాస్కును బల్లమీద నా చారు ఫ్లాస్కు పక్కనే పెట్టి, కుట్లు చూపించమంది. (ఆవిడ ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను. మాట చివర 'లా' మలేసియా వాళ్ళ అలవాటు.)

"బాగా ఎండింది లా. మొత్తం తాగుతున్నావు కదా?"

"చుక్క మిగల్చను ఆంటీ."

ఇంకేం అడుగుతుందోనన్న భయంతో బల్లమీది ఫ్లాస్కుల్లో ఒకటి చేతికిచ్చి సాగనంపాను. మిగిలినదాన్ని సింకు దగ్గర తెరిస్తే గుప్పున మిరియాల వాసన. నా చారు నా దగ్గరే ఉంది. ఆవిడ కషాయం ముట్టకుండా ఆవిడకే వెళ్ళిపోయింది.

నిజం చెప్పేద్దామని తలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఇల్లు ఖాళీ చేద్దామా, కాకినాడ విమానం ఎక్కేద్దామా అని ఆలోచించాను.

మర్నాడు పదకొండయినా ఎవరూ తలుపు తట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడుకు చచ్చిన నేను, అది లేక ఇంకా చచ్చాను. పదకొండున్నరకు వచ్చింది, ఉత్త చేతులతో.

"నిన్న నువ్విచ్చింది తాగాను. నువ్వే కాచావా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు. నా నోరు మాత్రం, "అవును ఆంటీ," అంది.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. "రోజూ తాగి కిటుకు పట్టేశావన్నమాట. మా అమ్మ కాచినట్టే ఉంది." గొంతు తగ్గించి చెప్పింది. వచ్చే నెల ఆవిడకు గాల్ బ్లాడర్ ఆపరేషన్. భయంతో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట. "నాకు కాచి ఇచ్చేవాళ్ళు లేరు. నువ్వు ఇస్తావా?"

ఆ ముఖం చూసి కాదనే రాక్షసుడెవడు?

మరుసటి నెల ఆవిడ ఆపరేషనయ్యాక మార్కెట్లో బతికున్న కొరమీనుతో కుస్తీ పట్టాను. వీడియోలు చూసుకుంటూ, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నాలుగు గంటలు కాచాను. మంచంమీద కూర్చున్న ఆంటీ ఒక గుక్క తాగి, నావంక చాలాసేపు చూసింది. ఆపరేషనుకు వెళ్ళేటప్పుడు ఆవిడ కూడా అప్పుడు నేను భయపడినంత భయపడి ఉండదు.

"నువ్వప్పుడిచ్చిందే బాగుంది లా," అంది.

ఆ క్షణమే నా కుట్ల మచ్చమీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరేమిచ్చినా తాగి తీరతాను. అబద్ధం ఆడాల్సివస్తే, తాగాకే ఆడతాను.