వాన ముందా, గాలి ముందా

కోరుట్లలో మా వాడకట్టులో ఇప్పటికీ రెండు మాటలు నడుస్తున్నాయి. పడవ మీద తెల్లాయన మా అన్న వేళ్లు నరికేశాడని ఒకటి. జగిత్యాల ఏజెంటు తప్పుడు కాగితాలిచ్చి అన్నను చావుకు పంపాడని రెండోది. రెండూ అబద్ధాలే. రెండోది నా నోటి నుంచి వచ్చింది. దానివల్ల ఒక మనిషి నోట్లో పళ్లు రాలాయి. నేను బతికుండగా నా చేత్తో నిజం రాసి పెట్టకపోతే ఆయన పిల్లలు కూడా ఆ మాటే వింటూ పెరుగుతారు. అందుకని రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు.

నేను సిరిసిల్లలో సాంచెలు నడిపేవాణ్ణి. మరమగ్గాలను మేం సాంచెలంటాం. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో చదివిందే. సెలవు దొరికితే జగిత్యాల బస్సెక్కి, లైబ్రరీ తలుపు తీసినప్పటి నుంచి వేసేదాకా కూర్చునేవాణ్ణి. అట్లాసులు, నక్షత్రాలు, కాలువల తవ్వకం, ఏది దొరికితే అది చదివాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు ముందు పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. "లేవుండ్రి, లేవుండ్రి, కలెక్టర్ సారొచ్చిండు" అని సాంచెల కాడ తోటివాళ్లు ఎక్కిరించేవారు. నేను నిజంగానే సారులాగా నడిచేవాణ్ణి.

అన్న గల్ఫ్‌లో ఒక రేవులో పడవలు కడిగేవాడు. అక్కడ ఒక తెల్ల ముసలాయన, ఆయన భార్య తెరచాప పడవనే ఇల్లు చేసుకుని ఏళ్లుగా సముద్రాలు తిరుగుతున్నారు. ఆఫ్రికా తూర్పు తీరానికి పోయి, గాలి మళ్లీ ఇటు తిరిగేదాకా కొన్ని నెలలు అక్కడే ఉండాలని వాళ్ల ఆలోచన. వయసు మీదపడింది కనుక మూడో మనిషి కావాలి. అన్నను అడిగారు. అన్న అప్పుడు సెలవు మీద కోరుట్లలో ఉన్నాడు. ప్రయాణం వివరాలన్నీ ముసలాయన ఇంగ్లీషులో పదకొండు పేజీలు రాసి పంపాడు. అన్న వీసా పనులు చూసే జగిత్యాల ఏజెంటు వాటిని తన దుకాణంలో ప్రింటు తీసి ఇచ్చాడు.

నెల రోజులు నాకు ఆ పేజీలే లోకం. లంగరు ఎక్కడ వేయాలి, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, బియ్యం ఎన్ని మూటలు, ఎవరు ఎప్పుడు కాపలా ఉండాలి, అన్నీ ఉన్నాయి. అట్లాసు మీద సాంచె దారం పరిచి దూరం కొలిచాను. అంతా తెలుగులో నోటుబుక్కులోకి ఎక్కించి, కోరుట్ల వచ్చినప్పుడల్లా అన్నకు చదివి చెప్పేవాణ్ణి. వదిన పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది.

"ఓ మరిదీ, గా పడవ ఊగుతాంటే పొయ్యి మీద అన్నం ఎట్ల ఉడుకుతది?"

"పొయ్యి గూడ పడవతోని ఊగుతది వదినా. గిన్నె మాత్రం నిలబడే ఉంటది."

"అంటే ఊగేది మీ అన్న కడుపొక్కటే అన్నట్టు."

ఏడో పేజీ కాపలా గురించి. ఆకాశంలో ఏ మార్పు కనిపించినా, ఎంత చిన్నదైనా, తమను నిద్ర లేపమని ముసలాయన రాశాడు. కింద గీత కూడా గీశాడు. అన్నకు అది నచ్చలేదు.

"ముసలోళ్లు తెల్లందాక మేల్కొని పగలు పండుకుంటరురా. మబ్బు పట్టినప్పుడల్లా లేపితే నన్నేమనుకుంటరు? గింత పిరికోడా అనరా?"

మా దగ్గర రోహిణి కార్తెలో ముందు దుమ్ము లేస్తుంది, రేకులు ఎగురుతాయి, ఆ తర్వాత చినుకులు పడతాయి. వాన దిగిందంటే గాలి పడిపోతుంది. పొలంలో నిలబడ్డ ప్రతివాడికీ ఇది తెలుసు. సముద్రం మీదా అంతేననుకున్నాను. ఏ పుస్తకంలోనూ చూడలేదు. కానీ అన్న నా ముఖం చూస్తున్నాడు, నాకేమో తెలియదనడం చేతకాదు. "వాన మొదలైతే గాలి తగ్గినట్టే. అప్పుడు లేపే పని లేదు" అని నోటుబుక్కులో ఏడో పేజీ కింద రాసి, ముసలాయన రాసినట్టే చదివాను. అన్న తల ఊపాడు.

గల్ఫ్‌కు పోయిన రెండు నెలలకు అన్న కుడిచేతికి కట్టుతో విమానం దిగాడు. మూడు వేళ్లు లేవు.

ఒక మధ్యాహ్నం ముసలివాళ్లిద్దరూ కింద నిద్రపోతున్నారట. నల్లటి మబ్బు కమ్మింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. వాన ధారగా పడింది. అన్నకు నోటుబుక్కు గుర్తొచ్చింది. ఎవరినీ లేపలేదు. తెరచాప నిండుగా తెరిచే ఉంది. గాలి వాన వెనక వచ్చింది.

"లారీ గుద్దినట్టు గుద్దిందిరా," అన్నాడు. పడవ పక్కకు ఒరిగిపోయింది. తెరచాప తాడు జారిపోతుంటే అన్న పట్టుకున్నాడు. అది ఇనుప గిలక మీద చుట్టుకుంటూ వేళ్లను లోపలికి లాక్కుంది. పైకి పరుగెత్తుకొచ్చిన ముసలమ్మ ముఖానికి తెరచాప అడుగు దూలం కొట్టి దవడ విరిగింది. ముసలాయన కత్తి తీసి తాడు కోసి అన్నను విడిపించాడు. చెయ్యి తానే కుట్టాడు. ఆ కత్తే మా వాడకట్టులో వేళ్లు నరికిన కత్తి అయింది.

వదిన తమ్ముడు ట్రాక్టరు నడుపుతాడు. నాకంటే పెద్దవాడు, బావా అని పిలుస్తాను. అతను అన్న ముందు కూర్చుని అడిగాడు.

"మరి ఆళ్లను ఎందుకు లేపలే బావా?"

"కాగితాల్ల లేపద్దని ఉండె."

"ఎవడిచ్చిన కాగితాలు?"

"జగిత్యాల ఏజెంటు."

నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను.

మర్నాడు పొద్దున ముగ్గురం జగిత్యాల బస్సెక్కాం. బావ కాళ్ల మధ్య గోనెసంచిలో చుట్టిన జాకీ రాడ్డు ఉంది. నిజం చెప్పడానికి నాకు దారి పొడుగునా సమయం ఉంది. అన్న పక్క సీటాయనతో "మా తమ్ముడు లైబ్రరీ మొత్తం అరగదీసిండు, అన్నీ గాయినె రాసిచ్చిండు" అని చెబుతున్నాడు. కట్టు కట్టిన చేతితోనే నన్ను చూపించాడు.

ఏజెంటు దుకాణంలో అద్దాల బల్ల వెనక ఒక్కడే ఉన్నాడు. లేచి "రాండ్రి, కూసోండ్రి, చెయ్యి ఎట్లున్నది?" అన్నాడు. బావ జవాబుగా నోటుబుక్కు బల్ల మీద కొట్టాడు.

"లేపద్దని రాసిస్తవారా?"

"నేనేం రాయలే. ఆళ్లు పంపింది ప్రింటు దీసిన, గంతే."

బావ నా వైపు తిరిగాడు. "చెప్పు బామ్మర్ది. ఈడిచ్చిన ఇంగ్లీషు కాగితంల ఈ ముచ్చట ఉన్నదా, లేదా?"

"ఉంది," అన్నాను.

రాడ్డు మొదట అద్దం మీద పడింది. రెండోసారి ఏజెంటు మోచేతి మీద. ఎముక చప్పుడు నాకు వినిపించింది. ఆయన బల్ల కింద దూరబోతే బావ జుట్టు పట్టి లాగి, ముఖాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. పళ్లు నేల మీద పడ్డాయి. అన్న కూడా కాలితో తన్నాడు. గాజు పెంకుల్లో పాకుతూనే ఆయన కింది అర లాగి ఒక ఫైలు తీశాడు. ఆ పదకొండు పేజీల నకలు ఆయన దగ్గర ఉంది. రక్తం కారుతున్న చేత్తో ఏడో పేజీ నాకు అందించాడు.

"నువ్వు చదువుకున్నోనివి. ఏడున్నదో చూపెట్టు తమ్మీ."

"ఈడు చదివితే నమ్మ," అన్నాడు బావ రాడ్డు ఎత్తి. "నువ్వు చదువు."

రాడ్డు ఆయన తల మీద ఉంది. పేజీలో మొదటి వాక్యం చదివాను: మమ్మల్ని లేపు. కింద గీత గీసి ఉంది. ఇంకేం లేదు.

"ఇందుల లేదు. లేపుమనే ఉన్నది," అన్నాను. "గా మాట నేను రాసిన. నా తలకాయలకెళ్లి రాసిన."

బావ రాడ్డు దించాడు. అన్న నన్ను ఎడమచేత్తో కొట్టాడు. చెంప మీద, మెడ మీద, ముక్కు మీద. నాలుగో దెబ్బ మరిచిపోయి కుడిచేత్తో కొట్టాడు. కుట్లు తెగి కట్టు ఎర్రబడింది. నొప్పితో అరుస్తూ నేల మీద కూలబడ్డాడు. ఒకే ఆటోలో నలుగురం దవాఖానకు పోయాం.

తర్వాత అదే లైబ్రరీలో, నేను ఎప్పుడూ కూర్చునే బల్లకు రెండు అరల అవతల, నావికుల కోసం రాసిన ఒక పుస్తకం దొరికింది. గాలి ముందు వచ్చి వాన వెనక వస్తే భయం లేదు, వాన ముందు వస్తే వెంటనే తెరచాప దించాలి అని అందులో ఉంది.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు పేర్లు లేకుండానే దండం పెట్టాలి. ఆ పుస్తకం వెతికి ఇచ్చిన లైబ్రరీ మేడం. దవడ అతికించుకుని, అన్నను ఫోన్‌లో ఇప్పటికీ పలకరించే ముసలమ్మ. నోటుబుక్కు పొయ్యిలో వేస్తానంటే లాక్కుని దాచిన వదిన. పోలీసు స్టేషను దాకా పోయి, కేసు పెట్టకుండా వెనక్కి వచ్చిన ఏజెంటు. ఆయన నన్ను దుకాణం మెట్టు ఎక్కనివ్వడు. ఈ కాగితాలు రోడ్డు మీద నిలబడే చదివి వినిపించాను. కట్టుడు పళ్లు సర్దుకుంటూ చివరిదాకా విన్నాడు.

"మంచిగనే రాసినవ్," అన్నాడు. "ఇప్పుడు కోరుట్లకు పోయి, గీ ముచ్చట మీ వాడకట్టుల నిలబడి చదువు."

వచ్చే ఆదివారం చదువుతున్నాను. అన్న వస్తానని గానీ రానని గానీ అనలేదు.