మూడూర్ల మాత్రలు

రామకుప్పం డాక్టరమ్మ పోయిన సంగతి కుప్పం మార్కెట్లో బీన్స్ మూటలు దించుతుండగా తెలిసింది. అన్న ఫోన్ చేశాడు. పక్కన విన్నవాళ్లు పని ఆపి, ఆమె తమ ఇంట్లో ఎవరికి వైద్యం చేసిందో చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను చెప్పవలసింది మా అమ్మ సంగతి.

ఆరేళ్ల కిందట అమ్మకు గుండె నొప్పి వస్తే కుప్పంలో చూపించాం. మాత్ర రాసిచ్చారు. తర్వాత బెంగళూరులో ఉండే చెల్లెలు అక్కడికి తీసుకుపోయి చూపించింది. వాళ్లొకటి రాశారు. అన్న అత్తగారిది కృష్ణగిరి. అక్కడొకటి. ఒక డాక్టరు దగ్గర ఇంకో డాక్టరు చీటీ బయటపెడితే ఆయన నొచ్చుకుంటాడని మా వైపు భయం. అందుకని ఏ చీటీ ఎక్కడా చూపించలేదు. మాత్రలు మాత్రం అమ్మ అన్నీ మింగింది.

రెండు నెలలకు రాగి చేలో కలుపు తీస్తూ పడిపోయింది. లేపితే లేచింది గాని రెండడుగులకే కళ్లు తిరిగాయి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె గోడ గడియారం చూస్తూ నిమిషం నిండా నాడి పట్టుకుంది. నలభై సార్లే కొట్టుకుంది. ఈసీజీ తీసింది. గుండెకు పేస్‌మేకర్ మిషను పెట్టించాల్సిందేనని ఎవరో చెబితే అన్న అప్పటికే బెంగళూరుకు కారు మాట్లాడేశాడు.

"మిషను సంగతి తర్వాత సూద్దామప్పా. ముందు ఇంట్లో ఉండే మాత్రలన్నీ తీసకరా. ఒకటి దాసినా ఒప్పుకోను," అంది డాక్టరమ్మ.

తెచ్చి బల్ల మీద గుమ్మరించాం. భూతద్దం పెట్టి చిన్న అక్షరాలు చదివి, మూడు అట్టలు పక్కకు తీసింది.

"పేర్లు మూడు, మందు ఒకటే. గుండె వేగం తగ్గించేది. మీయమ్మ మూడింతలు మింగతాండాది."

"రంగులు వేరే గదమ్మా," అన్నాడు అన్న.

"రంగు కంపెనీవోళ్లది."

అమ్మ మంచం మీద నుంచే, "ముగ్గురు డాక్టర్లు చెప్పినాక నేను యాల కాదంటానమ్మా?" అంది.

"ముగ్గురికీ మర్యాద చేసినావు. నీ గుండెకే చెయ్యలేదు."

అమ్మ నవ్వింది. పడిపోయాక అదే మొదటి నవ్వు.

డాక్టరమ్మ అక్కడి నుంచే బెంగళూరు డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఆ మాత్రలు ఆపించింది. దగ్గరుండి కనిపెట్టుకుని చూడమని చీటీ రాసి మమ్మల్ని కుప్పం ఆసుపత్రికి పంపింది. మూడో రోజుకు నాడి అరవై నాలుగు. మిషను అక్కర్లేదన్నారు. తర్వాత డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చూసి, వయసుకు తగినట్టు అదే మందు ఒక్కటే, తక్కువ మోతాదులో, మళ్లీ మొదలుపెట్టింది. "దీన్ని మీయంతట మీరు ఆపొద్దు. గబుక్కున ఆపినా ప్రమాదమే," అని మరీ చెప్పింది. అమ్మకు గడియారం చూడటం రాదు. అందుకని అట్ట మీద 'పొద్దున పాలు పిండినాక' అని రాసి, చదివి వినిపించింది.

ఆమెకు కోపం ఎక్కువ. సూది వెయ్యమని అడిగినవాళ్లను తిట్టి పంపేది. కొందరు మళ్లీ ఆ గడప తొక్కలేదు. "మందు రాసేదానికి నిమిషం చాలు. ఉండేది తీసేదానికే చదువు కావల్ల," అనేది.

ఆమె అన్నది ఊళ్లు పట్టుకున్నాయి. ఈ మధ్య కుప్పంలో ఒక డాక్టరు నాతో అన్నాడు: "రామకుప్పం, శాంతిపురం వైపు వాళ్లు అడక్కముందే పాత మాత్రలన్నీ బల్ల మీద పెడతారు. ఎవరు నేర్పినారప్పా మీకు?" చెప్పాను.

డాక్టరమ్మ అంత్యక్రియల రోజు ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని పెద్దవాళ్లు అన్నారు. "యాల రాకూడదు? నాకు కాళ్లుండాయి," అని అమ్మ బయలుదేరింది. ఆమెకిప్పుడు డెబ్బై ఎనిమిది. శ్మశానం మిట్ట మీద ఉంది. సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చి నిలబడ్డాను. తలెత్తి చూస్తే అమ్మ అప్పటికే పైకి చేరి, గుంతలో వెయ్యడానికి వంగి గుప్పెట్లోకి మట్టి తీసుకుంటోంది.