చర్చి శిఖరానికి ఆనించిన చెంప

కావలిలో రైలెక్కిన తెల్ల టోపీ పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. మద్రాసు వెళ్తూ నేను ఫోనులో అక్కడి ఫోటోలు తిరగేస్తున్నాను. హైకోర్టు ఎర్ర గుమ్మటాలు, మైలాపూరు గోపురం, ట్రిప్లికేన్ పెద్ద మసీదు. పాత కట్టడాలంటే నాకు పిచ్చి. వాటి గురించి నాకు తెలిసినంత మా నెల్లూరులో ఎవరికీ తెలియదని పొగరు కూడా.

ఎగ్మూరు చర్చి శిఖరం రాగానే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దీనికి సున్నం పని నేను చేసినా సార్. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లతో సున్నం నూరి పూసి, గులకరాయితో రుద్దాల. నునుపు తేలిందో లేదో చెంప ఆనించి చూస్తాం. చల్లగా తగలాల."

ఆ శిఖరాన్ని ఎన్నిసార్లు మెడ నొప్పి పుట్టేదాకా చూశానో! ఈయన చెంప ఆనించాడట. నా కడుపు మండిపోయింది.

ఆయన మాత్రం ఫోటో మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"ఇంత అందంగా ఉంటాదా! నేను పోయేసరికే చుట్టూ పరంజా కట్టి గోనెపట్టలు కప్పేసినారు. అవి విప్పకముందే ఇంకో పనికి పంపించినారు. మొత్తంగా ఇప్పుడే చూస్తన్నా. నా ఫోనుకు పంపించు సార్, ఇంట్లో చూపిస్తా."

"ఛార్జింగ్ అయిపోతోందండీ," అన్నాను.

"సర్లే సార్," అని ఆయన వెంకటాచలంలో దిగిపోయాడు. ఛార్జింగ్ సగానికి పైనే ఉంది.

తర్వాత ఆ చర్చికి వెళ్లినప్పుడు, ఎవరూ చూడకుండా కింది గోడకు చెంప ఆనించాను. ఎండకు కాలి ఉంది. గరుకుగా తగిలింది.